గిజిగాడి దరఖాస్తు

రండి నాయనా, దగ్గరికి జరిగి కూర్చోండి, దేవుడిచ్చిన చెవులు ఇటు పెట్టండి. అడవిలో కొత్త పని మొదలుపెట్టేవాళ్లలో ఒక్కరికే ఏనుగమ్మ ఏటా అండగా నిలుస్తుంది. పక్షులకు గూళ్లు కట్టిచ్చే గిజిగాడు దరఖాస్తు పెట్టాడు. ఈసారీ కాదంటే పని మానుకోవాల్సిందే.

"నీ గూడు వద్దన్నదెవరు?" అంది ఏనుగమ్మ, వరసలో అతని వంతు రాగానే.

గిజిగాడు గొప్పలన్నీ బట్టీపట్టి వచ్చాడు గానీ, ఈ ప్రశ్న కలలో కూడా అనుకోలేదు!

"నా పెళ్లామేనమ్మా," అన్నాడు గిజిగాడు. "గాలికి ఊగి గుడ్లు దొర్లిపోతాయంది. అందుకే లోపల తడిమట్టి మెత్తాను. ఇప్పుడు ఊగట్లేదు."

"ఓరి పిచ్చోడా, ఇంటిగుట్టు ఇక్కడ విప్పుతావా!" వరసలో ఉన్న నెమలి పకపకా నవ్వింది.

"ఈ ఏడు నా అండ నీకేరా, అబ్బాయీ," అంది ఏనుగమ్మ.

నెమలి నవ్వు ఆగిపోయింది. గిజిగాడు తెరిచిన ముక్కు మూయడం మరిచాడు.

తన గూటి లోపం తన నోటితోనే చెప్పాడే, అదొక్కటి గుర్తుపెట్టుకోండి తల్లీ. రేపు మీ పనిలో లోపమేదని మిమ్మల్నెవరైనా అడిగితే మీరూ అలాగే చెప్పండి.