ఎల్లేష్ చెప్పిన జాగ్రత్తలు

ఎల్లేష్ మీద పెద్దులుకు ఒళ్లు మండిపోయింది. నాలుగక్షరాలు వచ్చినంత మాత్రాన, ఇంత వయసొచ్చిన బావను కూర్చోబెట్టి పసిపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాలా?

"బావా, ఆధార్ కార్డు అసలుదే పెట్టుకోండ్రి. జిరాక్స్ చూపిస్తే ఆడోళ్లకు ఫ్రీ లేదని కండక్టర్ టికెట్ కొడ్తడు. ఎల్బీనగర్‌ల దిగుండ్రి. ఆటో ఎక్కకుండ్రి, మెట్రో ఎక్కి నాంపల్లిల దిగుండ్రి. ఆడ ప్లాస్టిక్ బిళ్ల ఇస్తరు, పారెయ్యకుండ్రి. బయటికి రానీకి గదే కావాలె."

"నేనేమన్న పట్నం మొఖం సూడనోన్నారా?"

"సూసినవ్ గని, గప్పుడు మెట్రో లేకుండె. ఇగ మీటింగ్‌ల ఫోన్లు బంద్ పెట్టుండ్రి. నడుమల లేసి రాకుండ్రి, ఊరి ఇజ్జత్ పోతది."

అంతవరకు ఎలాగో ఓర్చుకున్నాడు. సోమమ్మ కూడా రావాలనేసరికి పెద్దులు లేచి నిలబడ్డాడు.

"మీ అక్క మోకాళ్ల నొప్పులతోటి మంచం దిగుతలేదు. ఆమెనెందుకు తిప్పల పెడ్తవ్‌రా?"

"పట్టా ఎవల పేరు మీదున్నది బావా? అక్క పేరు మీద. పట్టాదారు లేకుంటే నీ మాట ఆడ ఎవలింటరు?"

పెద్దులు మళ్లీ కూర్చున్నాడు. నార్కట్‌పల్లి పక్కన ఉన్న వాళ్ల ఊళ్లో కంపెనీల కోసం భూములు తీసుకుంటారని ఆరు నెలలుగా ఒకటే గుబులు. ఇరవై మూడు మంది పట్టాదారులకు కంటి మీద కునుకు లేదు. భూములు పోయే రైతులకు హైదరాబాదులో సదస్సు ఉందని కబురు మోసుకొచ్చిందీ, ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకుందీ సోమమ్మ తమ్ముడు ఎల్లేషే. తాను ముందురోజే పోయి హాలు దగ్గర ఉంటానన్నాడు.

మర్నాడు తొలి బస్సుకే ఊరు కదిలింది. తోటి పట్టాదారు గోవిందమ్మ జిరాక్స్ చూపించింది. కండక్టర్ టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. నాంపల్లిలో బీరన్న బిళ్ల ఎక్కడో పారేసుకొని గేటు లోపలే నిలబడిపోయాడు. ఎల్లేష్ చెప్పిన ప్రతి ముక్కా అక్షరాలా నిజమవుతుంటే పెద్దులు కోపం మెల్లమెల్లగా దిగిపోయింది. కదిలే మెట్ల దగ్గర సోమమ్మ జంకితే గట్టిగా చెయ్యి పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంసారంల గిట్ల ఎన్నడన్న పట్టుకున్నవా?" అంది ఆమె.

"మంది సూస్తున్నరు, నడువ్."

హాలు కిక్కిరిసి ఉంది. ఆ మందిలో ఎల్లేష్ కనబడలేదు. ఏ పనిలో ఉన్నాడో పాపం అనుకొని పెద్దులు ఫోను బంద్ చేశాడు. ఊరివాళ్లంతా అదే పని చేశారు.

మధ్యాహ్నం దాటాక స్వర్ణ అనే వకీలమ్మ మైకు పట్టుకుంది.

"పట్నంల మొత్తుకుంటే ఏం రాదమ్మా. మీ ఊర్ల గ్రామసభ పెట్టిననాడు ప్రతి పట్టాదారు లేసి, నా భూమి నేనియ్య అని చెప్పాలె. చెప్పినట్టు రాయించుకోవాలె. ఆనాడు నోరెత్తకుంటే మీరు ఒప్పుకున్నట్టే రాసుకుంటరు."

సోమమ్మ మొగుణ్ని మోచేత్తో పొడిచింది. "ఇన్నవా? లేవాల్సింది నేనట."

"మరి మోకాళ్లు?"

"గా దినం అవ్వే లేస్తయి తీ!"

తిరుగుబస్సులో ఆమె ముందు సీటు పట్టుకొని లేచి నిలబడింది. "నేను సోమమ్మను. నా భూమి నేనియ్య." గొంతు చాలలేదనుకొని మళ్లీ అంది. బస్సంతా నవ్వింది. గోవిందమ్మ కూడా లేచి తన పేరు చెప్పింది, తర్వాత బీరన్న చెప్పాడు. చౌటుప్పల్ దాటేదాకా ఇరవై మూడు మందీ వంతులవారీగా లేచి "ఇయ్య" అంటూనే ఉన్నారు. ఆ సంబరంలో ఫోన్లు తెరవాలన్న ధ్యాసే ఎవరికీ రాలేదు.

పెద్దులు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తెలివైన పిల్లగాణ్ని ఉత్తపుణ్యానికి ఆడిపోసుకున్నానని సిగ్గేసింది. రేపు పిలిచి కోడిని కోయాలనుకున్నాడు.

ఊళ్లో దిగేసరికి పొద్దు గూకుతోంది. పంచాయతీ ఆఫీసు ముందు ఇద్దరు మనుషులు షామియానా విప్పుతున్నారు. ట్రాలీలో కుర్చీలు ఎక్కిస్తున్నారు. గొర్రెలు కాసుకునే పర్వతాలు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. సెంటు భూమి లేనివాడు కాబట్టి అతన్ని ఎవరూ సదస్సుకు పిలవలేదు.

"ఎవలింట్ల ఫంక్షనే, పర్వతాలన్నా?" అన్నాడు పెద్దులు.

పర్వతాలు వింతగా చూశాడు. "ఫంక్షనేందిరా! గ్రామసభ గాదు? మీ బస్సు మూల తిరిగిందో లేదో డప్పు చాటింపేసిండ్రు. పదకొండింటికి సార్లొచ్చిండ్రు. మీ పేర్లు మైకుల మూడేసిసార్లు పిలిసిండ్రు."

"ఎవలు పలుకలేదా?"

"పలికెతందుకు ఎవలున్నరురా ఊర్ల? నీకు రెండుసార్లు ఫోన్ గొట్టిన. బంద్ ఉన్నది."

సోమమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడింది. వెనక నుంచి గోవిందమ్మ ఏడుపు మొదలైంది. "మరి ఎల్లేష్ ఏడున్నడే, ఆయన్ని పిలువుండ్రి, ఆయన చెప్తడు సార్లకు" అని బీరన్న ఆగకుండా అంటున్నాడు.

పెద్దులు పంచాయతీ ఆఫీసు గోడ దగ్గరికి నడిచాడు. జిగురు తడి ఇంకా ఆరని గ్రామసభ కాగితం మీద వేలు పెట్టి, మూడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తమ వరుస చదివాడు: పట్టాదారు సోమమ్మ, గైరుహాజరు, అభ్యంతరం లేదు, సాక్షి ఎల్లేష్, పట్టాదారు తమ్ముడు, భూమి రెండెకరాల పదిహేడు గుంటలు.