పెద్ద గిన్నె

సాంబిరెడ్డి వంటింట్లో డబ్బాలన్నీ అటకెక్కిస్తున్నాడు. సోమవారం భార్య నాగమణికి లావు తగ్గే ఆపరేషన్.

"జంతికలు, చెక్కలు, లడ్లు... ఇయ్యన్నీ తింటే లావెక్కవా మరి? ఆపరేషనయ్యాక ఇంట్లో కనపడకూడదన్నాడు డాక్టరు."

"అవి మీకోసం వచ్చే పార్టీవాళ్లకి. నేను ముట్టను."

"మరి ఏం తిని ఇట్టా అయినావే?"

నాగమణి పొయ్యి మీది పెద్ద గిన్నె మూత తీసింది. నిండా అన్నం.

"'మనోళ్లు నలుగురిని తీసుకొస్తన్నా, వండు' అని ఫోన్ చేస్తారు. తీరా అందరూ హోటల్లో తినేసి పోతారు. పారెయ్యలేక నేనే తింటా. ముందు అటకెక్కించాల్సింది ఈ గిన్నెనండీ."

సాంబిరెడ్డి ఇవాళ కూడా మాచర్ల హోటల్లో తినే వచ్చాడు.

డబ్బా పక్కన పెట్టి, కంచం తెచ్చుకుని ఆమె ముందు కూర్చున్నాడు.

"ఆ అన్నం నాకు పెట్టు."