శుక్రవారానికల్లా విరహం

"ఆపు," అన్నాడు ప్యో. రికార్డింగు గది అద్దానికి ఇవతల కూర్చున్న కంపెనీ యజమాని అతనే. "వదిలేసి పోతున్న మనిషిని గుమ్మందాకా సాగనంపి, కన్నీరు పెట్టకుండా తలుపు వేసుకునే ఆడదాని పాట ఇది. నువ్వేమో హోటల్లో నూడుల్స్ చెబుతున్నట్టు పాడుతున్నావు."

బోరమ్ తల వంచుకుంది. నలుగురమ్మాయిల బృందంలో ఆమెకి ఒంటరిగా ఒక చరణం దొరకడం ఇదే మొదటిసారి.

"అసలెప్పుడైనా ప్రేమించావా?"

"ప్రేమించకూడదని మీరే సంతకం పెట్టించుకున్నారు కదండీ."

ప్యో గడ్డం గోక్కున్నాడు. "సరే, అనుమతిస్తున్నాను. ప్రేమించు. శుక్రవారానికల్లా విడిపో. కుదరకపోతే ఈ చరణం మీ బృందంలోని యేదమ్‌కి ఇచ్చేస్తాను. చిన్నపిల్లే అయినా, కుక్క పోయిన బాధ దానికి తెలుసు."

కుర్రాణ్ణి ప్రచార విభాగమే ఎంపిక చేసింది. పేరు ఇన్‌జే, సీరియల్ నటుడు. రాబోయే పాత్ర కోసం అతని గుండె కూడా ఒకసారి పగలాలట. రెండు కంపెనీలూ ఫోన్లోనే ఖాయం చేసుకున్నాయి.

సోమవారం ఇద్దరినీ హాన్ నది గట్టు మీద కూర్చోబెట్టారు. టోపీలు, మాస్కులు, చేతిలో చెరో నూడుల్స్ గిన్నె. ఇటు ఆమె మేనేజరు, అటు అతని మేనేజరు.

"మనం విడిపోయేది ఎన్నింటికి?" మెల్లగా అడిగాడు ఇన్‌జే.

"శుక్రవారం పొద్దున పదింటికి. మధ్యాహ్నం నాకు రికార్డింగుంది."

"కాస్త ఆలస్యంగా పెట్టాల్సిందండీ. వారానికి ఆ ఒక్క పూటే నేను నిద్రపోయేది."

నవ్వు ఆపుకోలేక బోరమ్‌కి పొలమారింది. అతను గాభరాగా ఆమె వీపు తట్టాడు.

"తాకడం రేపటి కార్యక్రమం," అని కేకేశాడు అతని మేనేజరు.

"పోనీలెండి సార్, పిల్ల ఉక్కిరిబిక్కిరవుతోంది," అన్నాడు ఆమె మేనేజరు, అటు తిరిగి నిలబడుతూ.

శుక్రవారం మధ్యాహ్నం బోరమ్ మైకు ముందుకొచ్చింది. ఆ గొంతు వణకలేదు, ఎవరినీ నిందించలేదు, ఎవరినీ బతిమాలలేదు. పాట అయిపోయింది. అద్దానికి ఇవతల యేదమ్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకుంది.

"అనుభవం అంటే ఇదీ," అని లేచాడు ప్యో. "ఇదే ఖాయం చేసేయండి. ఈ చరణం బోరమ్‌దే. చెప్పిన వేళకి దుఃఖం కూడా తయారుచేసే కంపెనీ మనదొక్కటే." గర్వంగా అద్దం దగ్గరికి వచ్చాడు. "పొద్దున పని సజావుగా అయిందా?"

"పది నిమిషాల్లో అయిపోయిందండీ."

"అబ్బాయి బాగా ఏడ్చాడా?"

"ఆయన కొంచమేనండీ," అంది బోరమ్. "మా పెళ్లి కాగితాల మీద సాక్షి సంతకం పెడుతూ మన మేనేజరన్నే వెక్కి వెక్కి ఏడ్చాడు."