పలకని ఫోన్

"హలో... హలో... ఎవరైనా ఉన్నారా?"

అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అఫ్రోజ్ రిసీవర్‌ని ఠపీమని పెట్టేశాడు. రెండు గంటల్లో ఇది ఇరవయ్యోసారి.

నిన్నటి గాలివానకి సెల్‌టవర్లన్నీ పడుకున్నాయి. సబ్‌స్టేషన్‌లో మిగిలింది ఈ పాత క్యారియర్ ఫోన్ ఒక్కటే. దీనికి వేరే తీగంటూ లేదు. కరెంటు మోసే హైటెన్షన్ తీగల మీదే మాటా నడుస్తుంది. కరెంటు లేకపోయినా నడుస్తుందని సీనియర్లు గొప్పగా చెప్పారు. ఆ గొప్ప ఏపాటిదో ఇవాళ తెలిసిపోయింది. అఫ్రోజ్ ఇక్కడికి బదిలీ అయి వచ్చి నెల కాలేదు, అప్పుడే ఈ డబ్బాతో ప్రాణం విసిగిపోయింది.

ఎదురుగా మిర్చి కోల్డ్ స్టోరేజీ మేనేజరు గోపాలకృష్ణ నించుని ఉన్నాడు.

"ఇంకా ఎంతసేపండీ? జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది. లోపల లక్ష టిక్కీల మిర్చి, బస్తాలకి బస్తాలు ఉక్కిపోతోంది. అందులో మీ అమ్మగారివీ నలభై ఉన్నాయి, మర్చిపోకండి."

మర్చిపోతే కదా. రేటు కోసం ఆర్నెల్లుగా కాచుకుని కూర్చుంది అమ్మ రసూల్‌బీ. రంగు పోయిందంటే ఆ మిర్చిని అడిగే నాథుడుండడు.

"లైన్ మీద మా మార్క్ ఉన్నాడండీ. పని అయిందని అవతలి సబ్‌స్టేషన్ నుంచి కబురొస్తేగానీ కరెంటు వదలకూడదు."

"లైన్‌మన్ మార్కేనా? గంట క్రితం స్తంభం దిగి జీపెక్కి పోవడం నా కళ్ళతో చూశాను. ఆ చచ్చిన ఫోన్ కోసం మమ్మల్ని చంపుతారా ఏంటి?"

అఫ్రోజ్ ఇంకోసారి రిసీవర్ ఎత్తాడు. చడీచప్పుడూ లేదు. ఒళ్ళు మండిపోయింది. దిగాడని చూసినవాడే చెబుతుంటే, ఈ తుప్పు డబ్బా మొహం చూస్తూ కూర్చోవడమేమిటి అనుకున్నాడు. విసురుగా లేచి ప్యానెల్ దగ్గరికి వెళ్ళి స్విచ్ మీద చెయ్యి వేశాడు.

ఫోన్ గణగణ మోగింది. అవతల మార్క్.

"ఎక్కడ చచ్చావురా? రెండు గంటల్నుంచి చేస్తున్నా, ఈ దరిద్రపు ఫోన్ పలికి చావదు," అఫ్రోజ్ అరిచాడు.

"ఎట్లా పలుకుద్దిరా?" మార్క్ ఇంకా రొప్పుతున్నాడు. "అక్కడ దిగి, ఈ చివర సబ్‌స్టేషన్ దగ్గర ఇంకో స్తంభం ఎక్కా. మనిషి ఎక్కేముందు తీగని భూమికి కడతాం కదా, అది ఉన్నంతసేపూ మాట కూడా భూమిలోకే పోద్ది. ఇప్పుడే విప్పి దిగా. గుర్తుపెట్టుకో, ఆ ఫోన్ పలకలేదంటే నేనింకా తీగ మీదున్నట్టే."