తలకొక ప్రార్థన

"కదలకండి అయ్యగారూ! చెవి తెగితే ఆదివారం ప్రసంగం ఎవరు చెబుతారు?" అన్నాడు సెలూన్ పెద్దాయన.

కుర్చీలో ఉన్న పాస్టరు నవ్వి, మెడకు కట్టిన గుడ్డ కిందనుంచి ఒక కాగితం అందించాడు. "నీకోసమే రాశాను బాబాయ్. అనుదిన ధ్యానాల పుస్తకాలు ఏడు, వినడానికి రెండు యాప్‌లు. నువ్వు మన సంఘంలో చేరి మూడు నెలలైంది, రోజూ ఏదో ఒకటి ఉండాలి కదా."

"చదువంటే నాకు అంతంతమాత్రమే. వినమంటే వింటాను. ప్రార్థన మాత్రం రోజుకు ముప్పైసార్లు చేస్తున్నాను."

"ముప్పైసార్లా!"

"ఎలాగూ అందరి తలమీదా చెయ్యి పెట్టేవాణ్ణే కదా. కత్తెర ఆడినంతసేపూ ఆ మనిషికోసం మనసులో దేవుణ్ణి అడుగుతాను. సగం క్రాఫుతో మధ్యలో లేచిపోయేవాడు ఎవడూ ఉండడు."

పాస్టరు పగలబడి నవ్వాడు. "మరి నాకోసం ఏమడుగుతున్నావు?"

"నిద్ర. పోయినసారి ఈ కుర్చీలోనే గురక పెట్టారు. అమ్మగారు ఆస్పత్రిలో ఉన్నారని తర్వాత తెలిసింది. అందరికోసం మీరు ప్రార్థన చేస్తారు, మీకోసం ఎవరు చేస్తున్నారో అనిపించింది."

పాస్టరు నవ్వు ఆగిపోయింది. భార్య మంచాన పడ్డ ఈ నెలన్నరలో, ఎలా ఉన్నారని అడిగిన ప్రతివాళ్లకూ 'దేవుని దయ' అని చెప్పి పంపేశాడు.

"బాబాయ్, ఈసారి నాకూ వినపడేలా ప్రార్థించు."

"మీలా పెద్ద పెద్ద మాటలు రావు నాకు."

"రాకపోవడమే మంచిది."

పెద్దాయన కత్తెర పక్కన పెట్టి, రెండు చేతులూ ఆ తలమీద ఉంచాడు. "దేవా, ఈయన బాగా అలిసిపోయాడు. అమ్మగారిని లేపి కూర్చోబెట్టు. ఈయన్ని కాసేపు పడుకోబెట్టు."

పాస్టరు చాలాసేపటికిగాని ఆమేన్ అనలేకపోయాడు.