ఏడో నంబరు నొప్పి

మార్చి 9.

డాక్టరమ్మా, మోకాళ్ళ నొప్పి మాత్రపై నీ పరిశోధన పత్రం అచ్చయి వచ్చింది, అందుకే రాస్తున్నాను.

మాత్ర వేసుకున్న పన్నెండు మందిలో ఏడో నంబరు నేను. నా నొప్పి పదికి తొమ్మిదని రోజూ పుస్తకంలో రాశాను. నువ్వు రెండని అచ్చేయించావు.

ఫోనులో అడిగితే, "ఒక్క అంకెకి ఇంత రాద్ధాంతమా అమ్మమ్మా? సొంత మనవరాలి ఉద్యోగం కదా, కాస్త చూసీచూడనట్టు ఉండరాదూ!" అన్నావు.

ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను.

1. నువ్వు ఆ మాత్ర రాసిచ్చిన రోగులందరికీ ఫోను చేసి ఆపించు.

2. పత్రం వెనక్కి తీసుకో.

3. నా పుస్తకం కోసం ఇంటికి రావద్దు. నిన్ననే మీ ప్రొఫెసరుకు పంపాను.

4. "ముసలిదానికి మతి పోయింది" అని ఆయనతో అనకు. వారం వారం సరిచూసి, ప్రతి పేజీ కింద సంతకం చేసింది నువ్వే.