మబ్బు ఎంతవరకు వచ్చింది?

"ఆగండి! అక్కడే ఆగండి! ఇంకో అడుగు వేశారంటే నా కొంప మునుగుతుంది!"

కెమెరా అమ్మాయి అరుపుకి పెద్దాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేశాడు.

నేషనల్ పార్కులో, కొండ అంచున చెక్కలు పరిచి కట్టిన అరుగు అది. దాని చివర స్టాండు మీద కెమెరా. కొన్ని క్షణాలకో ఫొటో చొప్పున టక్కు టక్కుమంటూ దానంతటదే తీస్తూ పోతోంది. అవన్నీ వరసగా కలిపితే, పూటంతా నడిచిన మబ్బులు ఒక్క నిమిషంలో పరుగెత్తుతాయి. ఎవరైనా చెక్క కదిపారో, ఆ పరుగు కాస్తా తూలిపోతుంది.

"కదపనులేమ్మా," అన్నాడు పెద్దాయన. కాలు వెనక్కి తీసుకుని, అరుగు పక్కనున్న రాతిబల్ల మీద మెల్లగా కూర్చున్నాడు.

టోపీ, నల్లద్దాలు, చేతికర్ర. కొండెక్కే వాళ్ళందరికీ ఉండేవే. బూట్లు మాత్రం విప్పి చేతిలో పట్టుకున్నాడు.

'ఇదేమన్నా పడగ్గదా!' అనుకుంది ఆమె.

ఆమె చిరాకుకీ కారణం లేకపోలేదు. పర్మిషన్ ఈ సాయంత్రంతో సరి. మబ్బు లోయలోకి దిగే షాట్ ఇంకా దొరకలేదు. అది లేకపోతే ఆమె మొదటి సినిమా మూలపడ్డట్టే.

చిన్నప్పుడు బళ్ళో ఒక సినిమా వేశారు. ఇదే లోయ, ఇదే కొండ, పొంగిన పాలలాగా మబ్బులు. ఆ రోజే ఆమె బుర్రలో ఈ పిచ్చి పడింది. పొద్దున పార్కు గేటు కాపలా కాసే బాబాయ్‌కి ఈ సంగతే చెబుతూ రిజిస్టర్లో సంతకం పెట్టింది.

"ఆ సినిమానా? అయితే అమ్మా, మీరొక మనిషిని..." అంటూ ఆయన ఏదో మొదలుపెట్టాడు.

"సాయంత్రం చెప్పండి బాబాయ్, వెలుతురు పోతుంది!" అని ఒకటే పరుగు.

"మబ్బు ఎంతవరకు వచ్చిందమ్మా?" పెద్దాయన గొంతు.

"ఎదురుగానే ఉందిగా."

"నువ్వు చెబితే విందామని."

"నేనేమన్నా రేడియోనా?"

పెద్దాయన నవ్వేశాడు. నవ్వి ఊరుకున్నాడా అంటే అదీ లేదు. కాసేపయ్యాక మళ్ళీ, "అటు కొన కనబడుతోందా?" అన్నాడు. ఆ తర్వాత, "రంగేమన్నా మారిందా?"

ఈయన నా నెత్తిన ఎక్కడ దాపురించాడురా భగవంతుడా అనుకుంటూ ఆమె పళ్ళు నూరుకుంది.

మధ్యాహ్నం దాటింది. లోయ నిండా బూడిదరంగు పొగమంచు. చెట్టు లేదు, గుట్ట లేదు, ఆకాశం లేదు. ఆమెకు ఏడుపొకటే తక్కువ. ఇక లాభం లేదని కెమెరా ఆపడానికి చెయ్యి చాపింది.

టక్కుమనే చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాడేమో, చెప్పుల అలికిడికే పట్టేశాడు పెద్దాయన.

"ఆపకు తల్లీ! గాలి తిరిగింది. ఇంకాస్త ఉండు."

"ఉండి ఏం చెయ్యను? నా మొహం!"

అన్నదే గానీ, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతలో పొగమంచు మధ్యలో చీలింది. ఎండ పడింది. కొండ శిఖరం దాటి మబ్బు లోయలోకి జారడం మొదలుపెట్టింది. అచ్చం ఆ బళ్ళో చూసినట్టే! ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"వచ్చిందా?" పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ఎలా ఉందమ్మా? ఒక్క మాట చెప్పవూ?"

"అబ్బబ్బా! కళ్ళు లేవా మీకు? ఎదురుగా అంత వైభవం పెట్టుకుని నా ప్రాణం తీస్తారేం!"

పెద్దాయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది.

"సరేలే తల్లీ. నీ పని కానివ్వు."

బూట్లు చేతిలోనే ఉన్నాయి. కర్ర ఆనించుకుంటూ చప్పుడు కాకుండా దిగిపోయాడు. కెమెరా ఇసుమంతైనా ఊగలేదు.

సాయంత్రం ఆమె గేటు దగ్గరికి గాల్లో తేలుతూ వచ్చింది. కడుపు నిండిపోయింది కదా, ఇప్పుడు కోపం లేదు. పైగా మనసులో ఏదో గుచ్చుకుంటోంది.

"బాబాయ్, నల్లద్దాల పెద్దాయన ఒకాయన వచ్చాడే, వెళ్ళిపోయాడా? పాపం, ఆపొద్దన్నది ఆయనే. నేనే నోరు పారేసుకున్నాను. కాస్త కూర్చోబెట్టి, తీసిందంతా చూపిద్దామని..."

"ఇప్పుడే బస్సెక్కించి వస్తున్నానమ్మా."

"ఎక్కించడమేంటి? కొండెక్కిన మనిషి బస్సెక్కలేడా?"

"కొండ దారి ఆయన కాళ్ళకి తెలుసు. బస్సు తెలియదుగా. చూపు పోయి చాలా ఏళ్ళయింది."

ఆమె భుజం మీది కెమెరా సంచి ఒక్కసారిగా బరువెక్కింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారు?" అంది.

"ఇక రానన్నారమ్మా. మోకాళ్ళు మొరాయిస్తున్నాయట. ఏటా ఈ మబ్బుల రోజుల్లో వచ్చేవారు. పైన ఎవరుంటే వాళ్ళని అడిగి, లోయ ఎలా ఉందో చెప్పించుకుని వెళ్ళేవారు. ఈసారి ఎవరైనా చెప్పారా అంటే, 'లేదయ్యా, పైన ఒక పిల్ల షాట్ తీసుకుంటోంది, పనిలో ఉన్నవాళ్ళని కదిలించకూడదు' అని నవ్వారు."

బాబాయ్ గేటుకి గొలుసు వేస్తూ ఆమె వైపు తిరిగాడు.

"పొద్దున చెప్పబోతుంటే వినకుండా పరుగెత్తారు గానీ, మీరు బళ్ళో చూశానన్న ఆ మబ్బుల సినిమా తీసింది ఆయనే కదమ్మా."